పాట అడుగున

మార్విన్ గే పోయాడన్న వార్త నేను కారు రేడియోలో విన్నాను. 1984 ఏప్రిల్ 1, ఆదివారం సాయంత్రం. ఏప్రిల్ ఫూల్ చేస్తున్నారనుకున్నాను. కన్నతండ్రే తుపాకీతో కాల్చాడని చెప్పేసరికి అనుమానం ఇంకా గట్టిపడింది. ఇలాంటి జోకులు కూడా వేస్తారా అని తిట్టుకుంటూ ఇండియన్ కొట్టు ముందు కారు ఆపి, లోపలికెళ్ళి కందిపప్పూ చింతపండూ కొనుక్కుని వచ్చాను. మళ్ళీ రేడియో పెడితే అదే మాట. ఆ తర్వాత వరసగా ఆయన పాటలు. తెల్లవారితే 45వ పుట్టినరోజట.

నిజం చెప్పొద్దూ, అప్పటికి నాకు మార్విన్ గే అంటే ఒకటే పాట. అంతకు రెండేళ్ళ కిందట వచ్చిన 'సెక్సువల్ హీలింగ్'. అది రేడియోలో వస్తే పక్కన ఎవరున్నారో చూసుకుని వాల్యూమ్ తగ్గించే రకం నేను. తెనాలి పెంపకం.

మర్నాడు పొద్దున ఆరింటి షిఫ్టు. డెట్రాయిట్ శివార్లలో కార్లకి విడిభాగాలు చేసే ఒక చిన్న కంపెనీలో నేను కొత్తగా చేరిన ఇంజినీరుని. మా ప్రెస్ షాపులో రేడియో గురించి రోజూ తగువే. రాక్ పాడే బాబ్ సీగర్ కావాలని కొందరు, నల్లవాళ్ళ సోల్ పాటల స్టేషన్ పెట్టమని కొందరు. ఎవరు ముందొస్తే వాళ్ళదే రాజ్యం. ఆ సోమవారం మాత్రం ఎవరూ నోరెత్తలేదు. బ్రేకులో లంచ్ టేబుల్ మీది రేడియోలో 'వాట్స్ గోయింగ్ ఆన్' వస్తోంది. డైలు బిగించే పెద్దాయన ఒకాయన, నల్లాయన, టోపీ తీసి బల్ల మీద పెట్టి, తలొంచుకుని, చూపుడువేలుతో బల్ల మీద కొడుతున్నాడు. మిగతా వేళ్ళు కదలడం లేదు. ఆ ఒక్క వేలే.

పరామర్శకి ఏదో ఒకటి అనాలి కదా అని "గొప్ప గొంతు" అన్నాను.

"గొంతు సంగతి అందరికీ తెలుసు ప్రొఫెసర్. కింద ఏం జరుగుతోందో విన్నావా?" అన్నాడు.

ఆ షాపులో ఎమ్మెస్ చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. చేరిన వారం నుంచీ నా పేరు ప్రొఫెసర్. అసలు పేరు పలకడం ఎవరివల్లా కాలేదు లెండి.

కింద నాకేమీ వినపడలేదు. పాటలో పైనా కిందా ఉంటాయన్న సంగతే నాకు తెలియదు.

నేను వరంగల్ ఆర్‌ఇసిలో చదివిన రోజుల్లో ఇంగ్లీషు పాటలంటే మాకు రెండే. బోనీ ఎం, అబ్బా. ఒక సీనియర్ దగ్గర వాళ్ళ బావ దుబాయ్ నుంచి తెచ్చిన టేప్ రికార్డర్ ఉండేది. దాంట్లో 'డాడీ కూల్' మొదలైతే మెస్సులో సగం తిన్న కంచం వదిలేసి వచ్చేవాళ్ళుండేవాళ్ళు. మేం వాటిని అమెరికా పాటలనుకునేవాళ్ళం. తీరా చూస్తే అబ్బా వాళ్ళది స్వీడన్, బోనీ ఎం జర్మనీలో తయారైన సరుకు. ఇంకో వింత ఉంది. క్యాసెట్ కవరు మీద చొక్కా గుండీలు విప్పుకుని నిలబడ్డ బాబీ ఫారెల్‌ని చూసి, ఆ గొంతు ఈయనదే అని మురిసిపోయేవాళ్ళం కదా, రికార్డులో ఆ మగ గొంతు అతనిది కాదు. ప్రొడ్యూసర్ ఫ్రాంక్ ఫారియన్‌ది. మనకి ప్లేబ్యాక్ కొత్తేం కాదు. నాగేశ్వరరావు పెదవులు కదిపితే ఘంటసాల పాడటం పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. కానీ మనం ఘంటసాల పేరు రికార్డు మీద వేశాం. అదొక్కటే తేడా. ఆ ఘంటసాల వెనక వయొలిన్ వాయించినవాళ్ళ పేరు వేశామా అని మాత్రం అప్పట్లో నాకు తోచలేదు.

1981 ఆగస్టులో డెట్రాయిట్ వేన్ స్టేట్ యూనివర్సిటీలో దిగాను. ఊరు దిగాలుగా ఉండేది. కార్లు అమ్ముడుపోవడం లేదు, ప్లాంట్లు మూతపడుతున్నాయి, బస్సులో పక్కన కూర్చున్నవాడు ఏ ప్లాంటు నుంచి లేఆఫ్ అయ్యాడో అడగకుండానే చెప్పేవాడు. నలుగురం తెలుగువాళ్ళం ఒకే అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళం. ఎవరో వీధిలో పారేసిన టీవీ తెచ్చుకుని, కోటు తగిలించే తీగె హ్యాంగరు యాంటెన్నాగా పెట్టుకున్నాం. ఆ టీవీలోనే 1983 మే 16న మోటౌన్ రికార్డుల కంపెనీ పాతికేళ్ళ పండగ చూశాం.

ఆ రాత్రి గురించి పాప్ పాటలు విన్న ప్రతివాడికీ ఒక కథ ఉంటుంది. మైకేల్ జాక్సన్ 'బిల్లీ జీన్' పాడుతూ ముందుకి నడుస్తున్నట్టే నడుస్తూ వెనక్కి జారిపోయాడు. మా నలుగురికీ మతిపోయింది. ప్రోగ్రాం అయ్యీ అవకుండానే వంటింట్లో లినోలియం నేల మీద సాక్సులేసుకుని మొదలెట్టాం. మాలో ఒకడు (ఇప్పుడు పెద్ద హార్ట్ సర్జన్‌కి మామగారు) వెనక్కి జారి స్టవ్వుని గుద్దుకుంటే పప్పుచారు గిన్నె బోర్లా పడింది. కింద ఫ్లాట్ ఆవిడ చీపురు కర్రతో సీలింగ్ పొడిచింది.

అదే ప్రోగ్రాంలో మార్విన్ గే పియానో ముందు కూర్చుని తమ సంగీతం ఎక్కడి నుంచి వచ్చిందో నాలుగు మాటలు చెప్పి, లేచి 'వాట్స్ గోయింగ్ ఆన్' పాడాడు. టెంప్టేషన్స్, ఫోర్ టాప్స్ అనే రెండు బృందాలు ఎదురెదురుగా నిలబడి పాటల పోటీ పెట్టుకున్నారు. మేం వాళ్ళని చూడనే లేదు. ఈ పెద్దవాళ్ళు ఎప్పుడు దిగిపోతారా, మైకేల్ మళ్ళీ వస్తాడా అని ఎదురుచూశాం. పందొమ్మిదేళ్ళ తర్వాత ఆ రాత్రి గురించి ఇంకో సంగతి తెలిసింది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇక మా షాపు పెద్దాయన. మార్విన్ గే పోయిన ఆ వారంలోనే ఒకరోజు షిఫ్టయ్యాక "నీ కారులో రేడియో చూపించు" అన్నాడు. నాది 450 డాలర్లకి కొన్న పాత షెవీ. డాష్‌బోర్డులో ఒకటే స్పీకరు, అదీ అరిచేతంత. ఆయన అందులోకి ఒకసారి చూసి, ఏదో జబ్బు మనిషిని చూసినట్టు తల అడ్డంగా ఊపి, తన బ్యూయిక్‌లోకి ఎక్కమన్నాడు. సోఫాలాంటి సీట్లు. వెనక అద్దం కింద పెద్ద స్పీకర్లు రెండు, తలుపుల్లో రెండు. ఒక క్యాసెట్ తోశాడు.

"పాడేవాణ్ణి మర్చిపో. ఆడవాళ్ళ కోరస్ మర్చిపో. అన్నిటికంటే కింద ఒకడు నడుస్తుంటాడు, వాణ్ణి పట్టుకో."

నాకు దొరకలేదు. పాటలో అన్నీ కలిసి ఒకే ముద్దగా వినపడుతున్నాయి. రెండు పాటలు చూశాడు. మూడో దానికి విసుగొచ్చి నా చెయ్యి పట్టుకుని తలుపు స్పీకరు మీద బోర్లా పెట్టాడు.

అప్పుడు తెలిసింది. చెవికి కాదు, అరచేతికి. దబ్, దబ్ అని ఒకే కొలతలో కాదు. ఆగుతూ, తడబడినట్టే తడబడి సరిగ్గా చోటుకి చేరుతూ, పాడేవాడు ఒక మాట అంటే దానికి బదులు చెబుతూ నడుస్తోంది బేస్ గిటార్.

నాకు వెంటనే తెనాలి గుర్తొచ్చింది. శ్రీరామనవమి పందిట్లో నేనెప్పుడూ మృదంగం ఆయన ఎడమ పక్కన చేరేవాణ్ణి. కచేరీ మొదలుపెట్టే ముందు తడిపిన రవ్వ ముద్ద చేసి తొప్పి (మృదంగం ఎడమ ముఖం) మధ్యలో అంటించేవాడు. అరచేత్తో చరిచి, వినీ, కాస్త గిల్లి తీసి, మళ్ళీ చరిచి చూసుకునేవాడు. కచేరీ అయ్యాక ఆ ముద్ద గీకి పారేసేవాడు. అందరూ పాటకి తలలూపుతుంటే నేను చాప మీద కూర్చుని ఆ తొప్పి దెబ్బ నేలలోంచి తొడలకి తగలడం కోసం ఎదురుచూసేవాణ్ణి. అంటే కింద వినడం నాకు తెలుసు. పెద్దయ్యాక మర్చిపోయానంతే.

ఆ మూడో పాట ఫోర్ టాప్స్‌ది, 'బెర్నడెట్', 1967. చివర్లో హఠాత్తుగా అంతా ఆగిపోయింది. అయిపోయిందనుకుని క్యాసెట్ తీయడానికి బటన్ మీదికి చెయ్యి పోనిచ్చాను. పెద్దాయన నా మణికట్టు పట్టుకున్నాడు. ఒక క్షణం ఏమీ లేదు. ఆ నిశ్శబ్దంలోంచి లెవీ స్టబ్స్ "బెర్నడెట్!" అని పెట్టిన కేకకి నేను సీట్లో ఎగిరిపడ్డాను. పాట మళ్ళీ మొదలైంది. ఆయన నవ్వు చూడాలి. నాలాంటివాళ్ళని చాలామందిని ఆ కేకతో ఎగరగొట్టాడని అర్థమైంది.

ఆ తర్వాత రెండేళ్ళూ లంచ్ టైము నాకు పాఠశాల. నా డబ్బాలో పులిహోర, ఆయన డబ్బాలో శాండ్‌విచ్చి. సగం సగం మార్చుకునేవాళ్ళం. పులిహోరలో వేరుశెనగలు ఏరుకుని తిని మిగతాది నాకే ఇచ్చేవాడు.

మోటౌన్ కథ డెట్రాయిట్‌లో ఫ్యాక్టరీ పని చేసేవాళ్ళకి తమ ఇంటి కథ. బెర్రీ గోర్డీ అనే కుర్రాడు లింకన్-మెర్క్యురీ ప్లాంటులో లైను మీద పనిచేశాడు. అంతకుముందు జాజ్ రికార్డుల కొట్టు పెట్టి దివాలా తీశాడు. 1959 జనవరిలో ఇంట్లోవాళ్ళంతా చీటీలాగా వేసుకున్న పొదుపు సొమ్ములోంచి 800 డాలర్లు అప్పు తీసుకుని రికార్డుల కంపెనీ పెట్టాడు. వెస్ట్ గ్రాండ్ బులవార్డ్ మీద 2648 నంబరు ఇల్లు, అదివరకు ఫొటో స్టూడియో, కొని, వెనక గదిని రికార్డింగ్ స్టూడియో చేశాడు. పైన కాపురం, కింద పాటలు. ముందు గోడ మీద 'హిట్స్‌విల్ యు.ఎస్.ఎ.' అని బోర్డు. ఇంకా ఒక్క నంబర్ వన్ కూడా రాకముందే! లైను మీద బోల్టు బిగించినవాడి బుర్ర కదా, పాటనీ లైను మీద పెట్టాడు. రాసేవాళ్ళు ఒకచోట, వాయించేవాళ్ళు ఒకచోట, పాడేవాళ్ళు ఒకచోట. పాడేవాళ్ళకి నడక, కూర్చోవడం, మాట నేర్పడానికి మాక్సీన్ పావెల్ అనే ఆవిడ, అడుగులు నేర్పడానికి చోలీ అట్కిన్స్. శుక్రవారం శుక్రవారం క్వాలిటీ కంట్రోల్ మీటింగు. ఆ మీటింగులో గోర్డీ అడిగే ప్రశ్న ఒకటుండేది. నీ జేబులో ఆఖరి డాలరుంది, ఆకలేస్తోంది, ఈ రికార్డు కొంటావా, శాండ్‌విచ్ కొంటావా? నేను కూర్చున్న ఏ క్వాలిటీ మీటింగులోనూ ఇంత సూటి ప్రశ్న ఎవరూ అడగలేదు. మా దగ్గర శాండ్‌విచ్చులు కంపెనీయే తెప్పించేది.

పాటని కారు రేడియో లాంటి చిన్న స్పీకర్లో కూడా వేసి చూసేవాళ్ళట. ఎలాగూ వినేవాళ్ళు కార్లలోనే వింటారని. అందుకే నా షెవీలో కూడా పాట బాగానే ఉండేది. కింద మనిషి మాత్రం దొరికేవాడు కాదు.

ఒక్కో పాటకీ పెద్దాయన దగ్గర ఒక్కో ముచ్చట. కంపెనీకి అన్ని రకాల పాటల చార్టులోనూ మొదటి నంబర్ వన్ 'ప్లీజ్ మిస్టర్ పోస్ట్‌మాన్', 1961. పాడిన మార్వెలెట్స్ ఇంక్‌స్టర్ హైస్కూలు అమ్మాయిలు. దానికి డ్రమ్స్ వాయించింది మార్విన్ గే. మార్తా రీవ్స్ ఆఫీసులో సెక్రటరీగా ఉండి పాటగత్తె అయింది. 'నోవేర్ టు రన్' పాటని టీవీ కోసం ఫోర్డ్ ప్లాంటులో ముస్టాంగ్ కార్లు తయారవుతుండగా వాటి మధ్య తిరుగుతూ పాడారు. ఆ దృశ్యం ఎప్పుడైనా దొరికితే చూడండి. వెనక పనివాళ్ళు పాట పట్టించుకోకుండా తమ పని తాము చేసుకుంటుంటారు. లైను ఆగదు మరి. స్టీవీ వండర్‌కి 13 ఏళ్ళకే నంబర్ వన్. సుప్రీమ్స్‌కి వరసగా అయిదు నంబర్ వన్‌లు, మొత్తం పన్నెండు. ఆ ముగ్గురమ్మాయిల్లో డయానా రాస్ పేరు చెబితే పెద్దాయన మొహం చిట్లించేవాడు. ఆయన ఓటు ఫ్లోరెన్స్ బలార్డ్‌కి. గ్రూపు పెట్టిందే ఆమె, తర్వాత ఆమెనే తప్పించారు. 1976లో 32 ఏళ్ళకే పోయింది. ఆ కథ చెప్పిన రోజు పులిహోర ముట్టలేదు.

బీటిల్స్ గొప్ప అని ఎవడైనా అంటే చాలు, "వాళ్ళ రెండో ఎల్పీ తీసుకో, మా వీధి పాటలు మూడున్నాయి దాంట్లో" అనేవాడు. నిజమే. 'మనీ', 'పోస్ట్‌మాన్', 'యూ హావ్ రియల్లీ గాట్ ఎ హోల్డ్ ఆన్ మీ'. మూడూ డెట్రాయిట్ సరుకే.

నన్ను బాగా ఆశ్చర్యపరిచింది మాత్రం ఫోర్ టాప్స్ సంగతి. "ఆ నలుగురిలో ఒకడు మీవాడే" అన్నాడు ఒకరోజు. మావాడెలా అవుతాడని నవ్వాను. డ్యూక్ ఫకీర్. పూర్తి పేరు అబ్దుల్ కరీం ఫకీర్. వాళ్ళ నాన్న బ్రిటిష్ ఇండియా నుంచి, ఇప్పుడు బంగ్లాదేశ్ అంటున్న వైపు నుంచి, వచ్చి డెట్రాయిట్ ఫ్యాక్టరీలో కూలికి చేరినవాడు. తల్లి నల్లజాతి ఆవిడ. అంటే నేను హాస్టల్లో స్వీడన్ పాటల్ని అమెరికా పాటలనుకుని ఎగురుతున్న రోజులకి పదేళ్ళు ముందే, ఒక బెంగాలీ కూలీ కొడుకు 'రీచ్ ఔట్' పాటలో పై స్థాయి గొంతు కలిపి అమెరికా అంతటినీ ఊపేశాడు. ఆ నలుగురూ 1950ల్లో కలిసినవాళ్ళు, 1997లో ఒకరు చనిపోయేదాకా విడిపోలేదు. నాకు లెవీ స్టబ్స్ తర్వాతే మార్విన్ గే అయినా, స్టీవీ అయినా. ఆయన పాడుతుంటే పాటలా ఉండదు, అప్పు తీర్చలేనివాడు గుమ్మంలో నిలబడి గడువు అడుగుతున్నట్టు ఉంటుంది. ఇక అరీతా ఫ్రాంక్లిన్ డెట్రాయిట్ పిల్లే అయినా మోటౌన్‌కి పాడలేదు. ఆవిడ గురించి రాయాలంటే వేరే కూర్చోవాలి.

ఒక ఆదివారం పెద్దాయన నన్ను తన బ్యూయిక్‌లో ఊళ్ళోకి తీసుకెళ్ళాడు. పన్నెండో వీధి. 1967 జులైలో అల్లర్లు మొదలైంది అక్కడే. 43 మంది చనిపోయారు. నేను చూసేనాటికి దానిపేరు రోజా పార్క్స్ బులవార్డ్. చాలాచోట్ల ఇళ్ళు లేవు, గడ్డి. ఒక ఖాళీ స్థలం దగ్గర కారు నెమ్మది చేసి, ఇక్కడే చుట్టుపక్కల చిట్ చాట్ లౌంజ్ అని ఉండేది అన్నాడు. "మావాళ్ళు రాత్రిళ్ళు అక్కడ వాయించేవాళ్ళు. పగలంతా పొట్టకోసం వాయించి, రాత్రికొచ్చి తమ కోసం వాయించుకునేవాళ్ళు. జేమ్స్ వాయిస్తుంటే గ్లాసు ఎత్తడం మర్చిపోయేవాళ్ళం." జేమ్స్ ఎవరని నేను అడగలేదు. వాళ్ళ పేటలో ఏదో బ్యాండు, వాళ్ళ స్నేహితులు అనుకున్నాను. ఆయన మాటల్లో జేమ్స్, బెన్నీ, ఎర్ల్ ఎప్పుడూ వస్తుండేవాళ్ళు. బెన్నీ టైముకి రాకపోతే ఎన్ని అబద్ధాలు చెప్పేవాడో, ఎర్ల్ ఎంత గట్టివాడో. మన ఊళ్ళో పెద్దవాళ్ళు సుబ్బయ్య, కోటయ్య అని చెబుతుంటే ఏ సుబ్బయ్య అని అడుగుతామా? ఊ కొడతాం. నేనూ ఊ కొట్టాను.

1986లో ఒక శుక్రవారం మధ్యాహ్నం మా కంపెనీ పదకొండు మందికి పింక్ స్లిప్ ఇచ్చింది. అందులో నేనొకణ్ణి. అట్టపెట్టెలో నా సామాను సర్దుకుని పార్కింగ్ లాటుకి వస్తే పెద్దాయన నా షెవీకి ఆనుకుని ఉన్నాడు. జేబులోంచి క్యాసెట్ తీసి ఇచ్చాడు. 90 నిమిషాల టీడీకే. తనే ఎల్పీల మీంచి ఎక్కించాడు. "ముందు స్పీకర్లు మార్చు, తర్వాత ఉద్యోగం వెతుక్కో" అన్నాడు.

లోపలి కాగితం మీద పాటల పేర్లు లేవు. పాడినవాళ్ళ పేర్లూ లేవు. పెన్సిల్‌తో, లావుపాటి అక్షరాలతో, ఒకదాని కింద ఒకటి పేర్లు. జేమ్స్. బెన్నీ. ఎర్ల్. రాబర్ట్. ఎడ్డీ. జో. జాక్. వాళ్ళ అన్నదమ్ముల కోసమో, చర్చివాళ్ళ కోసమో చేసిన క్యాసెట్టు చేతికందితే నాకిచ్చేశాడనుకున్నాను.

ఆన్ ఆర్బర్ దగ్గర ఇంకో ఉద్యోగం దొరికింది. స్పీకర్లు మాత్రం ఆయన చెప్పినట్టే ముందు మార్చాను. 1988లో పెళ్ళికి ఇండియా వెళ్ళినప్పుడు గమ్మత్తు జరిగింది. తెనాలి నుంచి విజయవాడ వెళ్ళే ప్రైవేటు బస్సులో డ్రైవరు ఇళయరాజా పాటలు పెట్టాడు. చిన్న మార్పు కూడా లేని అవే పాటలు, నేను అమెరికాలో ఇంట్లో పెట్టుకుని వినేవే. హఠాత్తుగా వాటి కింద బేస్ గిటార్ వినపడటం మొదలైంది. ఆయన పల్లవి పైన ఒక దారిలో పోతుంటే, అడుగున ఇంకో పల్లవి దాని దారిన అది పోతోంది. ఎలా వినకుండా ఉన్నానో ఇన్నేళ్ళూ! పక్కన కొత్త పెళ్ళికూతురు ఏదో అడుగుతోంది, నేను బస్సు రేకు మీద అరచెయ్యి పెట్టి కూర్చున్నాను. ఇప్పటికీ దెప్పుతుంది.

1991లో అమ్మా నాన్నా వచ్చినప్పుడు వెస్ట్ గ్రాండ్ బులవార్డ్ ఇంటికి తీసుకెళ్ళాను. బెర్రీ గోర్డీ అక్క ఎస్తర్ దాన్ని 1985లో మ్యూజియం చేసింది. అమ్మ పట్టుచీర మీద నా పాత స్వెట్టరు. "ఇంత ఇరుకింట్లోనా?" అంది. స్టీవీ వండర్ చాక్లెట్ కొనుక్కునే మిషను చూపించారు. కళ్ళు లేని పిల్లాడు వెతుక్కోకుండా, వాడికిష్టమైన బేబీ రూత్ బార్లని ఎప్పుడూ ఒకే వరసలో పెట్టేవాళ్ళట. అది విని అమ్మ కళ్ళు తుడుచుకుంది. మేడ మీద హాల్లో సీలింగ్‌కి ఒక కన్నం ఉంది. పైన అటక ఖాళీ. పాట ఆ అటకలోకి పంపి, అక్కడ మోగిన మోతని మళ్ళీ రికార్డు చేసి కలిపేవాళ్ళు. ఆ కన్నం కింద నిలబడి చప్పట్లు కొట్టమంటే అందరూ కొట్టారు. అమ్మ మాత్రం ఇటూ అటూ చూసి, గొంతు సవరించుకుని, "రామా" అంది. పైనుంచి రాముడు గుండ్రంగా తిరిగి వచ్చాడు. గైడు అమ్మాయి నవ్వి ఇంకోసారి అనమంది. నాన్న సిగ్గుతో గోడ మీది ఫొటోలు చూడ్డం మొదలుపెట్టాడు. నేను చూసిన ఫొటోల్లో అందరూ పాడేవాళ్ళే.

2002 చివర్లో 'స్టాండింగ్ ఇన్ ది షాడోస్ ఆఫ్ మోటౌన్' అనే డాక్యుమెంటరీ థియేటర్లలోకి వచ్చింది. ఒక శనివారం మా ఆవిడా నేనూ వెళ్ళాం. తెర మీద పేర్లు పడటం మొదలైంది. జేమ్స్ జేమర్సన్, బేస్. బెన్నీ బెంజమిన్, డ్రమ్స్. ఎర్ల్ వాన్ డైక్, పియానో. గిటార్లు రాబర్ట్ వైట్, ఎడ్డీ విల్లిస్, జో మెస్సీనా. టాంబురిన్ జాక్ ఆష్‌ఫర్డ్. నా చేతిలో పాప్‌కార్న్ అలాగే ఉండిపోయింది.

వాళ్ళే. ఫంక్ బ్రదర్స్. ఆ వెనక గది స్టూడియోలో ఎవరు పాడినా వెనక వాయించింది వీళ్ళే. బీటిల్స్, ఎల్విస్, రోలింగ్ స్టోన్స్, బీచ్ బాయ్స్ నంబర్ వన్‌లన్నీ కలిపినా వీళ్ళు వాయించినవే ఎక్కువని ఆ సినిమా లెక్క. 1971లో మార్విన్ గే తన 'వాట్స్ గోయింగ్ ఆన్' ఎల్పీ మీద వేయించేదాకా మోటౌన్ రికార్డుల మీద వాళ్ళ పేర్లు లేవు. 1972లో కంపెనీ లాస్ ఏంజెలిస్‌కి మకాం మార్చేసింది. వాయించడానికి వచ్చినవాళ్ళు తలుపుకి అంటించిన కాగితం చూసి తెలుసుకున్నారట. మా కంపెనీ కనీసం కవరులో పెట్టి ఇచ్చింది.

'మై గర్ల్' మొదట్లో గిటార్ మెట్లెక్కినట్టు ఎక్కుతుంది కదా, అది రాబర్ట్ వైట్ కట్టింది. లోకంలో ఆ ఆరు స్వరాలు విని పాట గుర్తుపట్టనివాడు అరుదు. ముసలితనంలో ఒక హోటల్లో ఆ పాట వస్తే, వాయించింది నేనే అని వెయిటర్‌తో అనబోయి, నమ్మడేమో, పిచ్చివాడనుకుంటాడేమో అని ఆగిపోయాడట. ఆ తర్వాత జేమర్సన్ గురించి చెప్పారు. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే వాయించేవాడని. ఆ వేలికి 'హుక్' అని పేరు. నాకు లంచ్ బల్ల గుర్తొచ్చింది. మిగతా వేళ్ళు కదలని ఆ చెయ్యి.

1983లో మోటౌన్ పాతికేళ్ళ పండగకి జేమర్సన్‌ని ఎవరూ పిలవలేదు. బ్లాకులో టికెట్ కొనుక్కుని వెళ్ళి బాల్కనీలో కూర్చున్నాడు. మేం వంటింట్లో సాక్సులేసుకుని జారుతున్న ఆ ప్రోగ్రాంకే. అది మే నెలలో టీవీలో వచ్చింది. ఆగస్టు 2న ఆయన పోయాడు. యాభై కూడా నిండలేదు.

ఇంటికొచ్చి పాత డైరీలో నంబరు వెతికాను. ఎనిమిదేళ్ళయింది మాట్లాడి. రాత్రి పదకొండు దాటింది, ఈ టైములో బాగోదంది మా ఆవిడ. చేసేశాను. చాలాసేపు మోగాక ఎత్తాడు. గొంతు పల్చబడింది.

"ప్రొఫెసరా! ఉద్యోగం పోయిందా మళ్ళీ?"

"పోలేదు. ఆ క్యాసెట్ మీద జేమ్స్ అంటే, ఆ జేమ్సేనా?"

"ఇంకెవరనుకున్నావు?"

"మీ అన్నదమ్ములు అనుకున్నాను. చర్చివాళ్ళేమో అని."

నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గు ఆగాక, "పదహారేళ్ళు విన్నావు కదా, ఒక్కసారీ అడగలేదేం?" అన్నాడు. "లంచ్‌లో కూర్చుని ఇది పాడిందెవరు, అది పాడిందెవరు అని చంపుకు తినేవాడివి. వాయించిందెవరని ఎప్పుడైనా అడిగావా?"

లేదని ఒప్పుకున్నాను. సినిమాలో చూసిందంతా చెప్పాను. హోటల్లో రాబర్ట్ సంగతి, బాల్కనీలో జేమ్స్ సంగతి. ఆయన ఊ కొట్టలేదు. చెప్పడం అయిపోయింది. అటు నుంచి చప్పుడు లేదు. ఊపిరి కూడా వినపడటం లేదు. రెండుసార్లు హలో అన్నాను. లైను కట్టయిందనుకుని ఫోను పెట్టేయబోతుంటే,

"ప్రొఫెసర్!" అని కేక వినపడింది. "పెట్టేస్తున్నావా?"